“ఫ్యామిలీ షిఫ్ట్ అవుతోంది, టీసీ ఇవ్వండి” అని రాయించుకున్నారు: నెల్లూరు జిల్లాలో ఒక ఎనిమిదో క్లాసు పిల్లోడి కేసు

ఈ కేసు హైకోర్టు దాకా పోలా, పేపర్లో రాలా, ఎవరికీ శిక్ష కూడా పడలా. అయినా మొత్తం రాద్దామనిపించింది. ఎందుకంటే స్కూలు గొడవలతో మా లాయర్ ఆఫీసుకొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది వచ్చేది స్కూలోళ్ళు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే. కొట్టింది చెప్తారు, తిట్టింది చెప్తారు, క్లాసులో పిల్లోడ్ని ఏడిపించింది గంటసేపు చెప్తారు, ఆ కాగితం సంగతి మాత్రం చివర్లో, అదీ మనం గుచ్చి గుచ్చి అడిగితేనే బయటికొస్తది. నన్నడిగితే ఈ కేసుల్లో సగం ఆ కాగితంలోనే ఉంటది.

పేర్లు చెప్పను, ఊరు చెప్పను, స్కూలేదో చెప్పను. భయమేం లేదు, చట్టం ఒప్పుకోదు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం ఇట్టాంటి కేసుల్లో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు, పేరు, అడ్రస్, స్కూలు పేరు అన్నీ అందులోకే వస్తాయి, పెడితే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా ఫైను, లేదా రెండూ. ఈ ముక్క మన యూట్యూబ్ ఛానెళ్ళ వాళ్ళకి ఎవరన్నా చెప్తే బాగుండు. ఈ కేసులో కూడా ఒకాయన మైకు పట్టుకుని ఇంటికే పోయాడు, తండ్రికి ముందే చెప్పి ఉన్నాం గాబట్టి గుమ్మంలోనుంచే పంపించేశాడు.

జరిగింది ఏందంటే

సముద్రం పక్కన ఊరు. తండ్రి బోటు మీద వేటకి పోతాడు, తల్లి టౌన్లో చేపలమ్ముద్ది. పిల్లోడికి 13 ఏళ్ళు, టౌన్లో ఇంగ్లీష్ మీడియం ప్రైవేట్ స్కూల్లో ఎనిమిదో క్లాసు, రోజూ స్కూల్ బస్సులో వచ్చిపోతాడు. మార్కులు యావరేజ్, మాట తక్కువ.

ఏడో క్లాసులోనే మొదలైందంట గానీ ఎనిమిదిలో ముదిరింది. బస్సెక్కగానే ముగ్గురు పిల్లలు ముక్కు మూసుకునేది, “ఎండుచేప వచ్చిందిరా” అనేది, మధ్యాహ్నం బాక్సు లాక్కుని మూత తీసి బెంచీ బెంచీకి తిప్పేది. టీచర్లకి ఇదంతా పిల్లల సరదా. సెప్టెంబర్లో ఒకరోజు టాయిలెట్ల దగ్గర గోడకి నిలబెట్టి “నేను ఎండుచేప” అని మళ్ళీ మళ్ళీ చెప్పించి ఫోన్లో తీసి ఇన్‌స్టాలో క్లాస్ గ్రూపులో పెట్టారు. స్కూల్లోకి ఫోన్ తేకూడదని గేటు మీద పెద్ద బోర్డే ఉంది, ఆ ఫోన్ తెచ్చిన పిల్లోడి నాయన కరస్పాండెంట్‌కి కావాల్సినోడు, అది వేరే కథ.

పిల్లోడు క్లాస్ టీచర్‌కి చెప్పాడు. “నువ్వు పట్టించుకోబాక, వాళ్ళే మానుకుంటారు” అందంట. ఇంట్లో అమ్మకీ నాయనకీ చెప్పలా, ఫీజు కట్టడానికి వాళ్ళు పడే అవస్థ వాడికి తెలుసు. ఇంటర్ చదివే అక్కకి చెప్పాడు. ఆ అమ్మాయి స్కూల్ డైరీలో పేరెంట్ రిమార్క్స్ అని ఉండే చోట రెండు సార్లు రాసి పంపింది. ఈ డైరీ గుర్తుపెట్టుకోండి.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున బస్సులో మళ్ళీ ఆ వీడియో తీసి చూపిస్తా ఉంటే మనోడు స్టీల్ వాటర్ బాటిల్‌తో ఒకడి మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి రెండు కుట్లు పడ్డాయి. కొట్టింది తప్పే, ఆ మాట మేం మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా దాయలేదు.

స్కూలు చేసింది చూడండి. ఇన్‌ఛార్జ్ సార్ స్టీల్ స్కేలుతో రెండు అరచేతుల మీదా కొట్టి, ఆఫీసు బయట సిమెంటు గచ్చు మీద ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు, రెండు పీరియడ్లు. ఎందుకు కొట్టావురా అని ఒక్కరూ అడగలా, ఆ ముగ్గుర్నీ పిలవనూ లేదు. సాయంత్రం తండ్రిని పిలిపించి మీ వాడి మీద పోలీసు కేసు అవుద్ది, మేం చూసుకుంటాం, మీరు ఈ కాగితం మీద సంతకం పెట్టండి అన్నారు. పెట్టాడు. పిల్లోడి పుస్తకాలు సంచిలో సర్ది చేతికిచ్చి పంపారు.

ఆ రాత్రి తండ్రి బావమరిది మా గుమాస్తాకి ఫోన్ చేస్తే స్పీకర్లో పెట్టించి మాట్లాడా.

“ఏం కాగితమన్నా అది?”

“ఏమో అయ్యా, టీసీ కాగితం అన్నారు. సంతకం పెడితే కేసు లేకుండా చూస్తామన్నారు, పెట్టినా.”

“చదివి చెప్పారా?”

“చదివేదేంది, ఇంగ్లీషు గదా.”

దాని ఫోటో కూడా తీసుకోలేదు. తర్వాత మా చేతికొచ్చినప్పుడు చూస్తే నాలుగు లైన్లు, కంప్యూటర్లో టైపు చేసింది, మా ఫ్యామిలీ వేరే ఊరికి షిఫ్ట్ అవుతోంది గాబట్టి మా అబ్బాయికి టీసీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను అని. సముద్రం వదిలి ఆయన యాడికి షిఫ్ట్ అవుతాడు?

ఆ కాగితం ఎందుకు రాయించుకుంటారు

విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 16: ఎలిమెంటరీ చదువు, అంటే ఎనిమిదో క్లాసు, పూర్తయ్యేదాకా ఏ పిల్లోడ్నీ స్కూలు నుంచి తీసెయ్యకూడదు. 2019లో సవరణ తెచ్చి ఐదు, ఎనిమిది క్లాసుల్లో ఫెయిలైతే రీ-ఎగ్జామ్ పెట్టి, అదీ తప్పితే అదే క్లాసులో ఉంచొచ్చు అన్నారు గానీ తీసెయ్యకూడదన్నది అట్టాగే ఉంది. ప్రైవేట్ స్కూలుకి కూడా ఇది వర్తిస్తది, మాది అన్‌ఎయిడెడ్ అంటే కుదరదు.

ఈ సంగతి స్కూళ్ళకి మనకంటే బాగా తెలుసు. అందుకే “తీసేశాం” అని ఏ స్కూలూ కాగితం మీద రాయదు. పేరెంటే అడిగినట్టు రాయించుకుంటది. అప్పుడు డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) అడిగినా, బాలల హక్కుల కమిషన్ అడిగినా, సార్ వాళ్ళే తీసుకుపోయారు ఇదిగో లెటర్ అంటారు. సెక్షన్ 16 చచ్చినట్టే. అంటే మనం మొదట కొట్టాల్సింది ఆ లెటర్‌ని. ఇన్‌ఛార్జ్ సారూ, ఆ ముగ్గురు పిల్లలూ తర్వాత.

కాబట్టి ఆ రాత్రే ఒక లెటర్ తయారు చేశాం, లాయర్ నోటీసు కాదు, తండ్రి పేరు మీద, తెలుగులో, ఆయన మాటల్లోనే. నాకు ఇంగ్లీషు రాదు, ఫలానా రోజు సాయంత్రం పోలీసు కేసు అని భయపెట్టి చదివి వినిపించకుండా సంతకం తీసుకున్నారు, టీసీ నేను అడగలేదు, ఆ లెటర్ వెనక్కి తీసుకుంటున్నా, మా వాడు రేపటి నుంచి స్కూలుకొస్తాడు, మా వాడ్ని ఏడిపించినదాని మీద ఎంక్వైరీ చెయ్యండి, బస్సులోదీ ఆఫీసు బయటదీ ఆ రోజు సీసీ కెమెరా రికార్డు చెరపకుండా ఉంచండి. అంతే. సెక్షన్లు ఒక్కటీ పెట్టలా. లాయర్ నోటీసు పోతే స్కూలు కూడా లాయర్ని పెట్టుకుంటది, అప్పుడు జవాబు రావడానికి నెల, మొదట్లో మనకి కావాల్సింది నెల టైము కాదు గదా.

పొద్దున్నే తండ్రి, మేనమామ తీసుకుపోయి ఇస్తే ఆఫీసులో తీసుకోలా. తీసుకోరని తెలుసు. మెయిల్ చేశాం, స్పీడ్ పోస్ట్ చేశాం, ప్రిన్సిపాల్ వాట్సాప్‌కి ఫోటో పెట్టాం, బ్లూ టిక్ పడింది. సంతకం పెట్టిన మర్నాడే, టీసీ చేతికి రాకముందే వెనక్కి తీసుకున్నట్టు మూడు దారుల్లో రికార్డు అయింది. ఇదే లెటర్ నెల తర్వాత ఇచ్చి ఉంటే లాయరు నేర్పించి రాయించాడు అనేవాళ్ళు.

ఇంకోటి, అక్క ఫోన్ చేసి వేరే స్కూల్లో అడిగితే మీ తమ్ముడి పేరు ఆన్‌లైన్లో డ్రాప్‌బాక్స్‌లో ఉందే అన్నారంట. యూడైస్ అంటే స్కూలు పిల్లల వివరాలన్నీ ఉండే ప్రభుత్వ వెబ్‌సైట్, అందులో స్కూలు వదిలిన పిల్లల్ని పెట్టే చోటు అది, వేరే స్కూలు అక్కడినుంచి లాక్కుంటది. అంటే సంతకం ఆరకముందే స్కూలు వాడ్ని రోల్స్ నుంచి తోసేసింది. ఆ స్క్రీన్‌షాట్‌ని కూడా కంప్లైంట్‌కి జతచేశాం.

సాక్ష్యం సంగతి

ముందు ఆస్పత్రి. రాత్రే గవర్నమెంట్ ఆస్పత్రికి పంపాం, ప్రైవేట్ డాక్టర్ చీటీ కంటే అక్కడి ఓపీ చీటీకి విలువెక్కువ. తల్లి మొదట వద్దంది, వాచింది తగ్గిపోద్దిలే అయ్యా అని. అరచేతుల మీద స్కేలు అంచు వాతలు, మోకాళ్ళు కమిలింది, డాక్టరు రాశాడు, ఎట్టా తగిలిందో కూడా “స్కూల్లో కొట్టారని చెప్తున్నాడు” అని రాయించుకోమని చెప్పాం, అది రాయకపోతే కింద పడి తగిలిందని రేపు ఎవరన్నా అనొచ్చు.

వీడియో. అక్క ఫోన్లో ఒక ఫ్రెండ్ పంపింది ఉంది. వెంటనే చెప్పింది ఏందంటే దీన్ని ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యబాకండి, బంధువుల గ్రూపులో కూడా పెట్టబాకండి, ఎందుకంటే మనమే సెక్షన్ 74 దాటినట్టవుద్ది, పైగా పిల్లోడు ఇంకో నాలుగు ఊళ్ళకి ఎండుచేప అవుతాడు. ఆ ఫోన్ అట్టాగే ఉంచి, గ్రూపు పేరు, పెట్టిన టైము, కామెంట్లు కనబడేట్టు స్క్రీన్ రికార్డింగ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాం. కోర్టు దాకా పోతే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, పాత ఎవిడెన్స్ చట్టంలో 65బి ఉండేదే అది.

ఫీజు రసీదు. ఇది తల్లి పెట్టెలోంచి తీసింది. సంఘటనకి వారం ముందే రెండో టర్మ్ ఫీజు కట్టి ఉన్నారు, స్కూలు సీలుతో. ఊరు వదిలి షిఫ్ట్ అయ్యేవాడు వారం ముందు టర్మ్ ఫీజు ఎందుకు కడతాడు? ఎంక్వైరీలో ఆ రసీదు బల్ల మీద పెట్టినప్పుడు కరస్పాండెంట్ మొహం చూడాల్సింది.

ఇక డైరీ. ఆగస్టు పేజీలో అక్క చేతిరాత: “మా తమ్ముడ్ని బస్సులో ముగ్గురు రోజూ ఎండుచేప అని పిలుస్తున్నారు మేడం, దయచేసి చెప్పగలరు”. కింద ఎర్ర ఇంకుతో “నోటెడ్”, పక్కన క్లాస్ టీచర్ పొట్టి సంతకం, తేదీ. సెప్టెంబర్ పేజీలో వీడియో గురించి ఇంకాస్త పెద్దగా రాసింది, దాని కింద కూడా “నోటెడ్”. అంతకంటే ఇంకేం కావాలి. పుస్తకాలు సంచిలో సర్ది పంపినప్పుడు స్కూలోళ్ళే ఆ డైరీని కూడా అందులో వేసి పంపారు, ఒక్కరన్నా తిరగేసి చూసుంటే అది మనకి దొరికేది కాదు.

ఏ చట్టం వాడాం, ఏది పక్కన పెట్టాం

విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది, చేస్తే సర్వీస్ రూల్స్ ప్రకారం చర్య అంది. దానికంటే ముందే, 2002లోనే, ఉమ్మడి ఏపీ ప్రభుత్వం జీవో ఎంఎస్ నంబర్ 16తో స్కూళ్ళలో దెబ్బల్ని బంద్ చేసింది. ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం “చెయ్యి వెయ్యలేదు గదా” అని వాదిస్తారు, కుదరదు, మానసిక వేధింపు అన్నది అందుకే రాశారు.

జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75, పిల్లల్ని తన సంరక్షణలో పెట్టుకున్నోడు క్రూరంగా చూస్తే 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా ఫైను. టీచర్ల మీద పెట్టేది ఇదే. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది లాయర్లు కూడా చూసుకోరు. 2021 సవరణతో సెక్షన్ 86 మారింది, 3 నుంచి 7 ఏళ్ళ శిక్ష పడే నేరాలు నాన్-కాగ్నిజబుల్ అయిపోయాయి. అంటే స్టేషన్‌కి పోయి 75 కింద ఎఫ్‌ఐఆర్ కట్టండి అని గొడవ పెట్టుకుంటే ఎస్సై వద్దనడానికి ఆయన దగ్గర కారణం ఉంది, మేజిస్ట్రేట్ పర్మిషన్ కావాలి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 174. మామూలుగా చేత్తో, స్కేలుతో తగిలించిన దెబ్బ, బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 115(2), అది కూడా నాన్-కాగ్నిజబులే. ఇది తెలియక తల్లిదండ్రులు స్టేషన్ చుట్టూ తిరిగి అలిసిపోయి రాజీ పడతారు.

ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 మన రాష్ట్రానిది. కాలేజీల కోసం పెట్టింది అని అందరూ అనుకుంటారు, నిర్వచనంలో మాత్రం చదువు చెప్పే ఏ సంస్థ అయినా అని ఉంది. కంప్లైంట్ వచ్చినాక సంస్థ హెడ్ వెంటనే విచారించి చర్య తీసుకోకపోతే హెడ్డే సహకరించినట్టు లెక్క. దీన్ని ముగ్గురు పిల్లల మీద వాడలా, కరస్పాండెంట్‌కి గుర్తు చెయ్యడానికి డీఈఓకి పెట్టిన కంప్లైంట్‌లో ఒక పేరా రాశాం, పని చేసింది.

2025 జులైలో సుప్రీంకోర్టు విశాఖలో నీట్ కోచింగ్ అమ్మాయి చనిపోయిన కేసులో స్కూళ్ళు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు అన్నింటికీ గైడ్‌లైన్స్ ఇచ్చింది, చట్టం వచ్చేదాకా అవే చట్టం. 100 మంది, అంతకుమించి పిల్లలుంటే క్వాలిఫైడ్ కౌన్సిలర్ ఉండాలి, వేధింపుల మీద గుట్టుగా కంప్లైంట్ ఇచ్చుకునే ఏర్పాటు ఉండాలి. మీ కౌన్సిలర్ ఎవరు అని రాతపూర్వకంగా అడిగాం. పీఈటీ సార్ అని జవాబొచ్చింది. ఆ జవాబుని అట్టాగే పై ఆఫీసుకి పంపాం, మనం ఒక్క మాట కూడా కలపకుండా.

పక్కన పెట్టింది: పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. ఒకరిద్దరు ఫ్రెండ్స్ అన్నారు, టాయిలెట్ దగ్గర వీడియో గదా పెట్టెయ్ గట్టిగా ఉంటది అని. ఆ వీడియోలో పోక్సోకి సంబంధించింది ఏమీ లేదు. లేనిది పెడితే ఉన్నది కూడా ఎవరూ నమ్మరు. ఎస్సీ ఎస్టీ కేసు కూడా ఇక్కడ రాదు, వీళ్ళు బీసీలు. ఇదే పని యానాది (ఎస్టీ) పిల్లోడికి చేసి, కులం పేరుతో అవమానించి ఉంటే దారి పూర్తిగా వేరు, దాన్ని డీఎస్పీ స్థాయి ఆఫీసరే దర్యాప్తు చెయ్యాలి, మన జిల్లాలో యానాది పిల్లలు ఎంతమంది బడి మానేస్తున్నారో చూసినోళ్ళకి ఇది ఎందుకు చెప్తున్నానో అర్థమవుద్ది.

స్టేషన్లో

మేం పోకముందే కుట్లు పడిన పిల్లోడి నాయన కంప్లైంట్ ఇచ్చాడు, ఎఫ్‌ఐఆర్ కట్టి బాలుర హోంకి పంపాలని. మన తండ్రి వణికిపోయాడు. నేను పోయి ఎస్సైతో గొడవ పెట్టుకోలా, జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్ 2016 రూల్ 8 కాగితం చూపించా. కనీస శిక్షే 7 ఏళ్ళు, ఆపైన ఉండే ఘోరమైన నేరమైతేనో, పెద్దవాళ్ళతో కలిసి చేస్తేనో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు, జనరల్ డైరీలో రాసుకుని, సోషల్ బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టుతో జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపాలి. పెదవి చిట్లింది ఘోరమైన నేరం కాదు. లాకప్ లేదు, సంకెళ్ళు లేవు, యూనిఫాంలో మాట్లాడకూడదు. ఆయనకీ తెలుసు, కాకపోతే ఎవరో ఒకరు ఆ కాగితం బల్ల మీద పెడితే ఆయనకి కూడా పై నుంచొచ్చే ఫోన్లకి చెప్పుకోడానికి ఉంటది.

బయటికొచ్చాక తండ్రి అన్నాడు, “మరి ఆ ముగ్గురి మీద మనమూ పెడదాం అయ్యా, వీడియో ఉంది గదా, టీసీ ఇచ్చి పంపించాల వాళ్ళని.”

“కుదరదన్నా. మీ వాడ్ని ఏ రూలు కాపాడిందో వాళ్ళని కూడా అదే కాపాడుద్ది. వాళ్ళూ ఎనిమిదో క్లాసే.”

ఆయనకి నచ్చలా. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలా. మా కంప్లైంట్‌లో మాత్రం ఎక్కడా ఆ ముగ్గుర్ని తీసెయ్యమని అడగలేదు, వాళ్ళ మాట కూడా వినమని, వాళ్ళ తల్లిదండ్రుల్ని పిలవమని, కౌన్సెలింగ్ ఇప్పించమని అడిగాం. మనమే సెక్షన్ 16 అని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఇంకొకరిని తీసెయ్యమంటే ఎంఈఓ (మండల విద్యాశాఖాధికారి) నవ్వుతాడు. పైగా వాళ్ళ తల్లిదండ్రులు భయపడి స్కూలు వైపు చేరతారు, అట్టా చేరకుండా చూసుకోవడం ఈ కేసులో మాకు బాగా కలిసొచ్చింది.

ఎంక్వైరీ

డీఈఓ ఆఫీసులో తపాల్ సెక్షన్లో కంప్లైంట్ ఇచ్చి స్టాంపు వేయించుకున్నాం, దాంతో పాటు సోమవారం నెల్లూరు కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా తల్లితో అర్జీ ఇప్పించాం. ఒకటే విషయం రెండు చోట్ల ఎందుకంటే గ్రీవెన్స్‌లో నంబరు పడుద్ది, ఆ నంబరు క్లోజ్ చెయ్యాలంటే డీఈఓ ఆఫీసు ఏదో ఒకటి జవాబు రాయాలి, ఉత్త కంప్లైంట్ అయితే ఫైల్లో పడుకుంటది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక అధికారి 3 నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయించాం, పిల్లల సంరక్షణ యూనిట్ వాళ్ళు ఇంటికొచ్చి పిల్లోడితో మాట్లాడి పోయారు, వాళ్ళ రిపోర్టు తర్వాత చాలా పనికొచ్చింది.

ఎంఈఓ సార్ స్కూలుకే వచ్చాడు. ప్రిన్సిపాల్ రూములో, ప్రిన్సిపాల్ కుర్చీ ముందు పిల్లోడ్ని నిలబెట్టి అడగబోతే నేను లేచి ఒక్కటే అడిగా, పక్క క్లాసురూములో, కూర్చోబెట్టి, వాళ్ళ అమ్మ పక్కన ఉండగా అడగండి సార్ అని. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు, మంచాయన. వాడు అక్కడ మాట్లాడింది పావుగంట, నేను వాడి నోటినుంచి అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ వినలా. ఏడుపొస్తే వాళ్ళమ్మ “ఏడవబాక నాయనా, సారుకి చెప్పు” అంటా కొంగుతో తుడిచింది, వాడు కొంగు పక్కకి తోసేశాడు, వాసనొస్తదని. గదిలో అందరం చూశాం అది.

మళ్ళీ ఆఫీసు రూము. ప్రిన్సిపాల్ చెప్పింది మూడు ముక్కలు: పేరెంటే టీసీ అడిగాడు, మా స్టాఫ్ ఎవరూ కొట్టలేదు, ఏడిపిస్తున్నారని మాకు ఒక్క కంప్లైంట్ కూడా రాలేదు. సీసీ ఫుటేజీ ఓవర్‌రైట్ అయిపోయిందన్నారు. చెరపకుండా ఉంచమని మర్నాడే మెయిల్ పెట్టాం గదా, అది పోవడం వాళ్ళకే ఎక్కువ దెబ్బ అయింది, ఎంఈఓ తన రిపోర్టులో ఆ తేదీలు రెండూ పక్కపక్కన రాశాడు. షిఫ్ట్ అవుతున్నాం అన్న లెటర్ పక్కన ఫీజు రసీదు పెట్టాం. ఒక్క కంప్లైంట్ రాలేదు అన్నదాని పక్కన డైరీ తెరిచి పెట్టాం.

అప్పుడు మేనేజ్‌మెంట్ టక్కున క్లాస్ టీచర్ మీదికి తిప్పింది, ఆమె మాకు చెప్పలేదు సార్, షోకాజ్ ఇస్తాం అని. ఆ అమ్మాయి చిన్నది, బీఈడీ అయ్యి మొదటి ఉద్యోగం, మొహం తెల్లబోయింది. చెప్పాను సార్, ఇన్‌ఛార్జ్ సార్‌కి చెప్పాను, బస్సు సంగతి మనది కాదన్నారు అని మెల్లగా అంది. మేం ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో ఆమె మీద చర్య కోరలేదని స్పష్టంగా రాశాం. కంప్లైంట్ వస్తే ఎవరికి పోవాలి, ఎవరు విచారించాలి అన్న ఏర్పాటే లేని చోట “నోటెడ్” అని రాసిన మనిషిని బలి చేస్తే స్కూలు చేతులు దులుపుకుంటది.

తేలింది

ఎంఈఓ రిపోర్టు మీద డీఈఓ ఆఫీసు నుంచి స్కూలుకి మెమో పోయింది. టీసీ లెటర్ రద్దు చేసినట్టు స్కూలు రాసిచ్చింది, డ్రాప్‌బాక్స్ నుంచి పేరు వెనక్కి తెచ్చారు, పోయిన రోజులకి అటెండెన్స్ వేశారు. ముగ్గురు పిల్లల తల్లిదండ్రుల్నీ, మన వాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడించారు, వీడియో తీయించేశారు, ఫోన్ తెచ్చిన పిల్లోడి నాయన వాడితో అందరి ముందు క్షమాపణ చెప్పించాడు, మన వాడితో కూడా కుట్లు పడినోడికి సారీ చెప్పించాం. బస్సులో ఆయాని పెట్టారు. కంప్లైంట్ బాక్సు ఒకటి పెట్టారు, సరిగ్గా ప్రిన్సిపాల్ రూము తలుపు పక్కనే. దాంట్లో ఎవరు వేస్తారని రాసి అడిగితే మెట్ల కిందికి మార్చారు. బయట నుంచి ఒక కౌన్సిలర్ వారానికి ఒకరోజు వస్తోంది.

జువెనైల్ బోర్డు దగ్గర మన వాడి సంగతి కౌన్సెలింగ్‌తో అయిపోయింది. అది రికార్డుగా వాడి మీద ఉండదు, సెక్షన్ 24, రేపు ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ అంటే భయపడాల్సింది లేదని ఆ తండ్రికి మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

ఇదే పిల్లోడు తొమ్మిదో క్లాసులో ఉండుంటే సెక్షన్ 16 మనకి దొరికేది కాదు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్ళు, ఎనిమిదో క్లాసు దాకానే. అప్పుడు నోటీసు ఇచ్చారా, చెప్పుకునే అవకాశం ఇచ్చారా, చేసిన తప్పుకి ఈ శిక్ష సరిపోద్దా అన్నవాటి మీద, డీఈఓ చర్య తీసుకోలేదన్నదాని మీద హైకోర్టులో రిట్ వెయ్యాల్సొచ్చేది. సెక్షన్ 75 మాత్రం 18 ఏళ్ళ దాకా ఉంటది. తొమ్మిది, పదిలో ఈ గొడవలు ఎక్కువ, చట్టం అక్కడే పల్చబడుద్ది, నాకిది ఎప్పుడూ మింగుడు పడదు.

ఫీజు లేక వెనకాడేవాళ్ళకి ఒక మాట. లీగల్ సర్వీసెస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం పిల్లలకీ ఆడవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటది, ఫోన్ చెయ్యాలంటే 15100.

మిగిలింది ఇన్‌ఛార్జ్ సార్ సంగతి. ఆయన్ని వేరే బ్రాంచికి మార్చారు, అంతే. నేనైతే మేజిస్ట్రేట్ దగ్గర సెక్షన్ 75 కింద ప్రైవేట్ కంప్లైంట్ వెయ్యాల్సిందే అన్నా, ఆస్పత్రి చీటీ ఉంది, పిల్లోడు గట్టిగా చెప్తాడు, క్లాస్ టీచర్ కూడా చెప్తాననింది. మార్చినంత మాత్రాన ఆ బ్రాంచిలో పిల్లలకి చేతులు లేవా అన్నా. తండ్రి విన్నాడు గానీ ఒప్పుకోలా. “వాయిదా అన్న రోజు బోటు ఆగదయ్యా, నేను పోకుంటే ఆ రోజు ఇంకోడు ఎక్కుతాడు” అన్నాడు. తల్లి మాత్రం వెయ్యమంది. ఇద్దరూ నా ముందే వాదించుకున్నారు, చివరికి తండ్రి మాటే నెగ్గింది, ఫైలు మూసేశాం.

పిల్లోడు ఎనిమిది అక్కడే పూర్తి చేసి తొమ్మిదికి జడ్పీ హైస్కూల్లో చేరతానన్నాడు, ఈసారి టీసీ వాళ్ళే అడిగారు, అర్జీ వాడే తెలుగులో రాశాడు. స్కూలు ఇచ్చిన టీసీలో కాండక్ట్ దగ్గర “సాటిస్‌ఫాక్టరీ” అని ఉంటే మిగతా పిల్లలకి “గుడ్” అని రాసి మా వాడికి మాత్రం ఇదెందుకని అడిగి మార్పించాం.